గంప కింద మేష్టారు

నాకు అక్షరాలు వయసు ముదిరాక వచ్చాయి. అందుకని పేపరు చేతికొస్తే ఒక్క ముక్క వదలను. సిమెంటు ధర, పెళ్లి సంబంధాలు, తప్పిపోయిన పిల్లలు, చచ్చిపోయిన పెద్దలు, అన్నీ చదువుతాను. మొన్న పొద్దున అలా చదువుతూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. దండ వేసిన ముసలాయన. పేరు కూడబలుక్కుని చదివాను, ఎవరో తెలియలేదు. మొహం చూసినా పోల్చుకోలేదు. తర్వాత ఎడమ కనుబొమ్మ చూశాను. అది మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంది. చేతిలో కాఫీ ఒళ్లో ఒలికిపోయింది.

"ఏమైంది నాయనమ్మా?" అంటూ మనవరాలు పరుగెత్తుకొచ్చింది.

"గంప మేష్టారు పోయాడే."

"గంప మేష్టారేంటి?"

ఒళ్లో కాఫీ కొంగుతో తుడుచుకున్నాను. అన్నేళ్లు ఎరిగిన మనిషి పేరు నాకు ఆయన చచ్చాక పేపర్లో తెలిసింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన ఇంకెవరో అయిపోతాడు.

మాది మున్నేటి ఒడ్డు. వేసవిలో ఏరు సన్నబడితే ఇసకలో గుంటలు తీసి, పేడ వేసి, పుచ్చ, దోస పెట్టుకునేవాళ్లం. కూలి చేసుకునేవాళ్లకి ఆ పాదులే సొంత సేద్యం. నేను కాపురానికొచ్చిన కొత్తలో సాగరు డ్యాము కడుతున్నారు. మా ఊరి మగాళ్లు సగంమంది ఆ రాళ్ల పనికి పోయారు. మా ఆయనా పోయాడు. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం.

ఒకరోజు ఎండ ముదిరే వేళకి పాదులకి నీళ్లు పోద్దామని వెళ్తే, మా పాదుల చివర పెద్ద గంప ఒకటి బోర్లించి ఉంది. మేకపిల్లల్ని మూసే గంప. పైన పుచ్చతీగ కప్పి ఉంది. ఆ తీగ మాదే. ఎవరి మేకపిల్లలకో మా పాదు కావలసివచ్చిందా అని ఒళ్లు మండి, పోయి గంప ఎత్తాను.

లోపల మనిషి ఉన్నాడు.

నేను కేక పెట్టాను. ఆయన పెట్టలేదు. గొంతుక్కూర్చుని, నెత్తిన తడి తువ్వాలుతో, గుసగుసగా అన్నాడు: "మూసెయ్యమ్మా, మూసెయ్యి. నీ నీడ పడితే ఆవిడ లేస్తుంది."

ఆవిడెవరా అని చుట్టూ చూశాను. ఇసక తప్ప ఏమీ లేదు. నేను ఎందుకు మూశానో ఈరోజుకీ తెలియదు గాని, గంప మళ్లీ ఆయన మీద బోర్లించి, ఇంటికి ఒకటే పరుగు తీశాను.

"అత్తా! ఏట్లో గంప కింద మగాడున్నాడు!"

మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండా అడిగింది: "ఒక్కడేనా?"

తర్వాత తెలిసింది. ఆయన జగ్గయ్యపేటలో పిల్లలకి సైన్సు చెప్పే మేష్టారు. వేసవి సెలవులు ఇవ్వగానే బస్సెక్కి, రోడ్డు మీద దిగి, నెత్తిన గంప పెట్టుకుని నడిచొచ్చేవాడు. అందరూ సెలవలకి అత్తారింటికి పోతారు, ఈయన మా ఏట్లోకి వచ్చేవాడు. ఆయన చెప్పే 'ఆవిడ' తీతువు. పొలాల్లో తిరిగే తీతువు కాదు. దానికి కంటి ముందు ఎర్రతోలు ఉంటుంది. ఇది ఏటి తీతువు. నెత్తి మీద నల్లకుచ్చు, గొంతు కింద నలుపు, రెక్క మడతలో చిన్న ముల్లు. గూడు కట్టదు. ఉత్త ఇసకలో నాలుగు గుడ్లు పెట్టి కూర్చుంటుంది. ఒకప్పుడు ఈ ఏటి పొడవునా ఉండేవట. మేష్టారు వచ్చేసరికి మా పాదుల అవతలి దిబ్బ మీద కొన్ని జంటలు మాత్రం మిగిలాయి. ఇసక బండ్లు గుడ్ల మీదుగా పోయేవి. కుక్కలు తినేవి. ఇంకొన్నేళ్లు ఇలాగే పోతే ఈ ఏట్లో వాటి అరుపు వినపడదు అనేవాడు.

ఆయన నడకే వేరు. ముందు వేళ్లు ఆనించి, కింద ఏమీ లేదని తెలిశాక మడమ దించేవాడు. గట్టు మీద కూడా అలాగే నడిచేవాడు. ఊళ్లో కూడా అలాగే. పిల్లలు ఆయన వెనక ఆయనలాగే నడిచి నవ్వేవాళ్లు. "చూసి వెయ్యి" అనేది ఆయన ఊతపదం. నాతో అనేవాడు, బండివాళ్లతో అనేవాడు. ఒకసారి బండి ఆపించి, ఎడమెద్దు గంగడోలు నిమురుతూ, "చూసి వెయ్యి నాయనా" అన్నాడు. బండి మీద ఉన్నవాడు మాకు బావ వరస. "దానికి వినపడింది గాని, కుడిదానికి చెవుడండీ, దానికి కూడా చెప్పండి" అన్నాడు. మేష్టారు నిజంగానే చుట్టూ తిరిగొచ్చి రెండోదానికీ చెప్పాడు.

ఇంకొకటి ఉంది. ఆ పిట్ట ఎండ పెళపెళలాడితే గుడ్ల మీద నుంచి లేచి, నీళ్ల దాకా పోయి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి మళ్లీ గుడ్ల మీద కూర్చుంటుంది. చల్లదనానికి. అది వెళ్లొచ్చేదాకా గంప కింద ఈయన మంచినీళ్లు ముట్టేవాడు కాదు. "ఆవిడ తడుపుకొచ్చిందమ్మా, ఇక తాగొచ్చు" అనేవాడు. ఇదేం వ్రతమో అని మా అత్త వేళాకోళం చేసేది. కాని ఆయన కోసం కొత్త కుండలో నీళ్లు పెట్టి ఉంచేది.

ఒక వైశాఖంలో, మాకు చినుకు లేదు, ఎండ కాస్తూనే ఉంది, ఏట్లో నీళ్లు ఎర్రబడ్డాయి. ఎగువన ఖమ్మం వైపు వాన పడిందన్నమాట. ఊరంతా ఏట్లోకి దిగి దొరికిన కాయ దొరికినట్టు మోసుకొస్తున్నాం. అందరం ఒడ్డుకి వస్తుంటే ఆయనొక్కడు దిబ్బ మీదికి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు నడుము లోతు నీళ్లలో, తువ్వాలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని వచ్చాడు. అందులో నాలుగు గుడ్లు. మిగతా గూళ్లు అందలేదు. వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ లేదు.

"ఎవరింట్లోనైనా పొదిగే పెట్ట ఉందా? ఇవి చల్లారిపోతాయి" అని ఒక్కొక్కరినీ అడిగాడు.

"మతుండే అడుగుతున్నారా మేష్టారూ?" అన్నాడు బండి బావ. "తీతువు ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతేనే కీడని ఉమ్మేస్తాం. దాని గుడ్లు తెచ్చి ఇంట్లో పొదిగించమంటారా? ఎవరి చావుకి?"

మా పెట్ట పొదుగుతోందని ఊళ్లో అందరికీ తెలుసు. నాకప్పుడు అయిదో నెల. అందరూ నా కడుపు వంక ఒకసారి చూసి, మొహాలు తిప్పుకున్నారు. ఆయనా చూశాడు. ఇంక నన్ను అడగలేదు. తువ్వాలు గుండెలకి ఆనించుకుని అలా నిలబడిపోయాడు.

మా అత్త ముందుకొచ్చింది. "తీతువు అరిస్తే చచ్చేటట్టయితే ఈ ఊళ్లో మీరెవరూ మిగిలుండేవాళ్లు కాదు" అని అందరినీ ఒక దులుపు దులిపి, నా వైపు తిరిగింది. "ఏమే, భయమా?"

"భయమే అత్తా."

"నాకూ భయమే. పద."

పెట్ట కింద కోడిగుడ్లు తీసేసి ఇవి పెట్టాం. పెట్ట ఒకసారి మెడ తిప్పి చూసి, కిందికి లాక్కుని కూర్చుంది. దానికి ఏ పట్టింపూ లేదు. ఊరికి ఉంది. బావి దగ్గర నేను వెళ్తే బిందెలు పక్కకి జరిగేవి. మా ఆయనకి ఎవరో కబురు చేస్తే డ్యాము పని వదిలి వచ్చాడు. గుమ్మం బయట నిలబడి, "ముందు వాటిని బయట పారెయ్యండి, అప్పుడొస్తా" అన్నాడు.

"నువ్వు బయటే ఉన్నావుగా, ఉండు" అంది మా అత్త. ఆ రాత్రి అరుగు మీదే పడుకున్నాడు. మర్నాడు మళ్లీ పనికి పోయాడు.

నాలుగూ పిల్లలయ్యాయి. తడి ఆరగానే లేచి పరుగు. కోడిపెట్ట నూకలు చూపించి పిలిస్తే రావు. వాటికి పురుగులు కావాలి. మేష్టారు పుట్టలు తవ్వి చెదలు తెచ్చేవాడు. ఏరు తగ్గాక పెట్టని, పిల్లల్ని తీసుకెళ్లి తడి ఇసకలో వదిలేవాళ్లం. గద్ద నీడ పడితే పెట్ట రెక్కలు విప్పి, రండి రండి అని గోలపెట్టేది. ఇవి దాని దగ్గరికి రాకుండా, ఉన్నచోటే ఇసకలో అతుక్కుపోయేవి. పిల్లలు కనపడక ఆ పెట్ట పిచ్చిదానిలా తిరుగుతుంటే మేష్టారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేవాడు. ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయింది. ఆరోజు నవ్వలేదు.

మిగిలినవాటిలో ఒకదాని కాలిని చిన్నప్పుడే పెట్ట తొక్కింది. ఒక వేలు వంకరపోయింది. కుంటుకుంటూ, తల ఎత్తి, అందరినీ ఎగాదిగా చూస్తూ నడిచేది. మా అత్త దానికి దొరసాని అని పేరు పెట్టింది. రెక్కలొచ్చి మిగతావి దిబ్బ మీది గుంపులో కలిసిపోయాయి. దొరసాని కూడా పోయింది గాని, నేను పాదులకి నీళ్లు పోస్తుంటే ఎక్కడి నుంచో వచ్చి పక్కన వాలేది. తడిసిన ఇసకలోంచి లేచిన పురుగుల్ని ఏరుకుంటూ నా కడియాల పక్కనే తిరిగేది. నాకు కొడుకు పుట్టాడు. మా అత్త వాణ్ని ఎత్తుకుని మిట్టమధ్యాహ్నం ఊరి వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది.

తర్వాతి వేసవికి మేష్టారు వచ్చాడు. నెత్తిన గంప లేదు. పోయినేడు మా ఇంట్లోనే పెట్టిపోయాడు కదా, అడుగుతాడనుకున్నాను. అడగలేదు. భుజాన తుపాకీ ఉంది.

"ఇదేంటండి?" అన్నాను.

"అరువు తెచ్చా" అన్నాడు. అడిగినదానికి జవాబు అది కాదు. నేను మళ్లీ అడిగేలోపే ఏట్లోకి దిగాడు. కుక్కల మీదికేమో అనుకున్నాను. పిల్లాణ్ని చంకనేసుకుని పాదుల వైపు పోయాను. దిబ్బ మీద పిట్టలు ఎక్కడివక్కడ గుడ్ల మీద కూర్చుని ఉన్నాయి. దొరసాని నా వైపు రాబోతూ, ఆయన్ని చూసి ఆగింది. తల ఒక పక్కకి వంచింది. చెదలు తెచ్చాడేమోనని కాబోలు, ఆయన దగ్గరికే నాలుగడుగులు వేసింది.

తుపాకీ పేలింది.

నా చంకలో పిల్లాడు గుక్కపట్టాడు. ఆ చప్పుడుకి ఏట్లో ఉన్న తీతువులన్నీ ఒక్కసారి లేచి ఆయన నెత్తి మీద తిరుగుతూ అరిచాయి. ఆయన వంగి దొరసానిని ఎత్తుకున్నాడు. గుడ్లు తెచ్చినరోజు పట్టుకున్నట్టే, రెండు చేతులతో.

నేను ఆయనకి అడ్డం పోయాను.

"అది దొరసాని అని తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసే కాల్చారా?"

"తెలిసే. మిగతావాటికి జత ఉందమ్మా, గుడ్లున్నాయి. ఒకటి పోతే గూడు పోతుంది. దీనికింకా జత కుదర్లేదు. ఇది పోతే ఇదొక్కటే పోతుంది."

నాకు ఏడుపు రాలేదు. పొరపాటున తగిలిందంటాడేమోనని ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అంటే ఏదో విధంగా నమ్ముదును. ఆయన అనలేదు. ఎంచి కాల్చానని నా మొహం మీదే చెప్పాడు.

ఇంటికొచ్చాక సంగతంతా చెప్పాడు. గుడ్లు పెట్టే నెలల్లో దిబ్బ మీదికి బండ్లు దిగకుండా ఆపమని తాసిల్దారుని అడుగుతూ వచ్చాడట. అది మామూలు తీతువే, ఊరూరా ఉంటుంది, దానికోసం బండ్లు ఆపడమేంటన్నారట. పిట్టల సంగతి తెలిసిన పట్నం పెద్దలు కూడా, ఏటి తీతువు మీ వైపు ఉందంటే నమ్మం, ఒకదాన్ని పంపితే చూసి చెబుతామన్నారట.

"నమ్మించడానికి చంపాలా మేష్టారూ?" అంది మా అత్త.

"చంపకుండా నమ్మేవాళ్లు నాకు దొరకలేదమ్మా."

మా వాకిట్లోనే కూర్చుని, చిన్నకత్తితో దాని తోలు తీశాడు. చేతులు వణకలేదు. అది చూస్తే నాకు ఇంకా భయం వేసింది. లోపల ఏదో తెల్లపొడి రాసి, దూది కూరి, పొట్ట కుట్టేశాడు. కాళ్లు రెండూ కలిపి దారంతో కట్టాడు. వంకరవేలిని తన వేళ్లతో సాపు చేశాడు. వదలగానే అది మళ్లీ వంగింది. మళ్లీ సాపు చేశాడు. మళ్లీ వంగింది. అప్పుడు కాసేపు కత్తి కింద పెట్టి, అలా కూర్చున్నాడు.

నేను దొడ్లోకి పోయి, ఆయన గంపని కాలితో తొక్కి విరిచి, పొయ్యిలో పెట్టాను. వెదురు టపటపా పేలుతుంటే ఆయన వాకిట్లోంచి చూశాడు. ఆ పొయ్యి మీదే ఆరోజు అన్నం వండాను. ఆయనకి పెట్టలేదు.

ఆయన అనుకున్నది అయింది. తర్వాతి ఏడు ఎండలు ముదరకముందే మా ఊళ్లో టముకు వేశారు. గుడ్లు పెట్టే నెలల్లో దిబ్బ మీదికి బండి దిగితే జరిమానా. "మనకి సెంటు భూమి ఇచ్చినోడు లేడు గాని, తీతువులకి దిబ్బ రాసిచ్చారు" అన్నాడు బండి బావ. అన్నాడే గాని, బండి పైరేవుకి తిప్పుకున్నాడు. పిట్టలు పెరిగాయి. నేను కళ్లారా చూశాను. కాదనను.

మేష్టారు కొత్తగంపతో వచ్చాడు. నేను పలకరించలేదు. పాదుల్లో నిలబడి చూస్తున్నాను. ఆయన ఏట్లో కాలు పెట్టీ పెట్టగానే దిబ్బ మీది తీతువులన్నీ లేచాయి. నన్ను దాటి, గేదెలు తోలుకుపోయేవాళ్లని దాటి, నేరుగా ఆయన మీదికి. నెత్తి మీద తన్నేటట్టు వాలి లేస్తున్నాయి. ఆయన బిత్తరపోయాడు. మర్నాడు చొక్కా మార్చుకొచ్చాడు. పోల్చాయి. తలపాగా చుట్టుకొచ్చాడు. పోల్చాయి. తెల్లారకముందే వచ్చి గంప కింద దూరితే, గంప చుట్టూ నేల మీద వాలి అరిచాయి. ఒక్కటీ గుడ్ల మీదికి పోలేదు. ఎండ ఎక్కుతోంది. ఇసక కాలుతోంది. గుడ్లు ఉడికిపోతాయి. ఆయన గంప ఎత్తి అవతల పారేసి, ముందు వేళ్లు, తర్వాత మడమ అని కూడా చూసుకోకుండా, ఒడ్డుకి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత ఇసకలో కాలు పెట్టలేదు. రోజూ వచ్చి ఒడ్డు మీద, పిట్టలు పట్టించుకోనంత దూరంలో నిలబడేవాడు. అక్కడి నుంచి ఏం కనపడుతుంది? ఏమీ కనపడదు. అయినా నిలబడేవాడు. పక్కన మా అత్త పెట్టిన నీళ్లకుండ. ముట్టేవాడు కాదు. అది తడుపుకొచ్చిందో లేదో తెలియదు కదా. మధ్యాహ్నం దాకా అలా నోరెండబెట్టుకుని నిలబడితే, నేను చూసీ చూడనట్టు కొన్నాళ్లు గడిపాను. చచ్చిందాన్ని తలుచుకుని గడిపాను. ఒకరోజు ఆయన తూలి, కూర్చుని, మళ్లీ లేచాడు. నా ముందే ఒక పిట్ట నీళ్లలోంచి వచ్చి, పొట్ట విదిలించుకుని, గుడ్ల మీద సర్దుకుంది.

నోరు ఆగలేదు. "తడుపుకొచ్చిందండీ! తాగండి!" అని అరిచాను.

ఆయన కుండ ఎత్తి తాగాడు. ఎంతసేపు తాగాడో.

ఆ వారం నందిగామ సంతకి పోయి గంప తెచ్చాను. ఈసారి గంప కింద కూర్చుంది నేను. ఆ పిట్టలు నన్నేమీ అనేవి కాదు. సాయంత్రం ఒడ్డుకొచ్చి, ఏది లేచింది, ఏది పొదిగింది, ఏ గూట్లో పిల్లలు లేచాయి, చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. ఆయన రాసుకునేవాడు. నాకు ఆయన అక్షరాలు నేర్పలేదు, నేను అడగలేదు. అవి నాకు ఎన్నో ఏళ్ల తర్వాత రాత్రిబడిలో వచ్చాయి. దొరసాని మాట మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. క్షమించమని ఆయన అడగలేదు. అడిగినా నేను క్షమించేదాన్ని కాదు.

ఆయనకి దూరం బదిలీ అయిందన్న ఏడు, గుడ్లన్నీ పిల్లలై పరుగులు నేర్చాక, ఇక ఉడికిపోయే గుడ్లు ఏమీ లేవు కదా అని నన్ను రెండుసార్లు అడిగి, తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. వట్టితలతో ఏట్లోకి దిగాడు.

"మేష్టారూ, పొడుస్తాయండీ!"

వినలేదు. దిబ్బ అంచు వెంబడే మెల్లిగా, ముందు వేళ్లు, తర్వాత మడమ. తీతువులు లేచాయి. ఇన్ని ఉన్నాయని గంప కింద కూర్చున్న నాకే తెలియదు. దిబ్బ ఆ చివరి నుంచి లేస్తున్నాయి, పైరేవు నుంచి వస్తున్నాయి, ఆయన తల చుట్టూ ఆకాశం నల్లబడి తెల్లబడుతోంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ కిందికి వేలాడేసి వేళ్లు ముడుస్తున్నాడు, విప్పుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మంత్రం చదువుతున్నాడేమో, మతి పోయిందేమో అనుకున్నాను. ఆ చివరిదాకా పోయి, అలాగే తిరిగొచ్చాడు.

ఒడ్డెక్కేసరికి రెక్కముల్లు గీరి ఎడమ కనుబొమ్మ తెగి ఉంది. నెత్తురు కంట్లోకి కారుతోంది. ఆయన నవ్వుతున్నాడు. అన్నేళ్లలో, పెట్ట పిల్లల కోసం వెతుక్కున్న రోజుల తర్వాత, ఆ నవ్వు నేను చూడలేదు.

"లెక్కపెట్టానమ్మా" అన్నాడు. "నన్ను తరిమినప్పటికంటే ఎక్కువమంది తిట్టారు."

కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చాను. కడుక్కోలేదు. తాగాడు.